నల్ల అడుగు చెరువు రొయ్యల్లో గ్లూటథయోన్ ఎక్కువ వస్తోంది, ఈ లెక్క నమ్మొచ్చా?

కాకినాడ_ఎమ్మెస్సీ

అందరికీ నమస్కారమండి. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ప్రాజెక్టు. చెరువు అడుగున పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల వెనామీ రొయ్యకి ఆక్సిడేటివ్ స్ట్రెస్ (కణానికి ఆక్సీకరణ వల్ల కలిగే ఒత్తిడి) వస్తుందా లేదా అన్నది విషయం. అందుకు ఆ ఆక్సీకరణని అడ్డుకునే గ్లూటథయోన్ అనే చిన్న అణువుని కొలుస్తున్నాం. భీమవరం, ఉండి మధ్య రెండు చెరువుల నుంచి శాంపిళ్లు. ఒకదాని అడుగు మట్టి నల్లగా, కుళ్లిన గుడ్ల వాసనతో ఉంది. రెండోది శుభ్రంగానే ఉంది.

పద్ధతి ఇదండి. రొయ్యల్ని ఐసులో పెట్టి కాకినాడ తెచ్చి మైనస్ 20లో ఉంచాం. తర్వాత హెపటోపాంక్రియాస్ (రొయ్య లివర్) తీసి, 100 మి.గ్రా. కణజాలానికి 0.9 మి.లీ. 5% సల్ఫోసాలిసిలిక్ యాసిడ్ వేసి నూరి, సెంట్రిఫ్యూజ్ చేశాం. పైతేట 200 మైక్రోలీటర్లు, 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్ 8.0) 700, డీటీఎన్‌బీ (గ్లూటథయోన్‌లోని థయోల్, అంటే గంధకం-హైడ్రోజన్ గుంపుతో కలిసి పసుపు రంగిచ్చే రీఏజెంట్) 10 మిల్లీమోలార్ 100. 412 నానోమీటర్ల దగ్గర రీడింగ్.

మూడు ఇబ్బందులు వచ్చాయి. రంగు అరగంట దాటినా పెరుగుతూనే ఉంది, ఎక్కడా నిలవడం లేదు. నల్ల అడుగు చెరువు ట్యూబుల్లో కొన్నింటికి డీటీఎన్‌బీ వేయకముందే లేత ఊదా ఛాయ ఉంది. ఆక్సీకరణ వల్ల గ్లూటథయోన్ తగ్గాలి కదా, నల్ల అడుగు చెరువు రొయ్యల్లోనే ఎక్కువ వస్తోంది. పైగా మొత్తంలో మూడో వంతు దాకా జీఎస్ఎస్‌జీగా (ఆక్సీకరించిన గ్లూటథయోన్‌గా) కనిపిస్తోంది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

పసుపు_412

ముందు రంగు సంగతి, ఎందుకంటే అది సరిపడకుండా మిగతావి మాట్లాడుకోలేం.

మీ ట్యూబులో బఫర్ చచ్చిపోతోందండి. 5% సల్ఫోసాలిసిలిక్ యాసిడ్ అంటే డైహైడ్రేట్ లెక్కన దాదాపు 0.2 మోలార్. ఒక్కో అణువు రెండేసి ప్రోటాన్లు వదులుతుంది. 200 మైక్రోలీటర్లలో సుమారు 80 మైక్రోమోల్ ఆమ్లం ఉంటే, 700 మైక్రోలీటర్ల 0.1 మోలార్ బఫర్‌లో ఫాస్ఫేట్ మొత్తమే 70 మైక్రోమోల్. కణజాలం కొంత పీల్చుకున్నా పీహెచ్ 3 చుట్టుపక్కలకి పడిపోతుంది. అక్కడ రెండు నష్టాలు. డీటీఎన్‌బీతో కలిసేది థయోలేట్ రూపం, అంటే ప్రోటాన్ పోయిన థయోల్. జీఎస్‌హెచ్ (ఆక్సీకరించని గ్లూటథయోన్) థయోల్ పీకేఏ, అంటే సగం ప్రోటాన్ వదిలే పీహెచ్, 8.8 దగ్గర, కాబట్టి పీహెచ్ 3లో ఆ రూపం లేనట్టే లెక్క, చర్య గంటల తరబడి నడుస్తుంది. రెండోది, డీటీఎన్‌బీ నుంచి పుట్టిన పసుపు పదార్థం టీఎన్‌బీ కూడా అంత ఆమ్లంలో ప్రోటాన్ పట్టేసుకుని పసుపు రంగు పోగొట్టుకుంటుంది. ఒక ట్యూబు మీద పీహెచ్ పేపర్ పెట్టి చూడండి, ఇప్పుడే తెలిసిపోతుంది.

ఇలా మార్చండి: పైతేట 50 మైక్రోలీటర్లు, 0.3 మోలార్ ఫాస్ఫేట్ (పీహెచ్ 8.0, లోహాల్ని పట్టేసుకునే ఈడీటీఏ 1 మిల్లీమోలార్) 900, డీటీఎన్‌బీ 10 మిల్లీమోలార్ 50. అన్నీ కలిశాక పీహెచ్ 7.5 దగ్గర నిలబడుతుంది. రంగు ఐదు నిమిషాల్లోపు ఆగిపోవాలి. ఆగకపోతే ఇంకేదో థయోల్ నెమ్మదిగా వస్తోందని, సాధారణంగా సరిగా దిగని ప్రోటీన్ అని అనుమానించాలి. డీటీఎన్‌బీ 39.6 మి.గ్రా.ని 10 మి.లీ. ఫాస్ఫేట్ బఫర్‌లోనే కరిగించండి. ఒట్టి నీళ్లలో కరగదు. గోధుమ రంగు సీసాలో పెట్టండి. బఫర్ పీహెచ్ 9 దాటితే సీసాలోనే పసుపెక్కుతుంది.

స్టాండర్డ్‌ని కూడా 5% సల్ఫోసాలిసిలిక్‌లోనే తయారు చేయాలి, నీళ్లలో కాదు. జీఎస్‌హెచ్ 30.7 మి.గ్రా. 10 మి.లీ.కి వేస్తే 10 మిల్లీమోలార్. దాన్నుంచి 0.05 నుంచి 0.4 మిల్లీమోలార్ దాకా పలచన చేసి, ఒక్కోదీ 50 మైక్రోలీటర్లే వేయండి. ప్రతి ట్యూబులోనూ ఆమ్లం ఒకే మోతాదులో ఉండటం ముఖ్యం.

లెక్క: కువెట్టులో 20 రెట్లు, హోమోజినేట్‌లో 10 రెట్లు, మొత్తం 200 రెట్లు పలచన. శోషణం 0.142 వస్తే దాన్ని టీఎన్‌బీ శోషణ గుణకం 14,150తో భాగిస్తే 10 మైక్రోమోలార్. 200తో గుణిస్తే 2 మిల్లీమోలార్, అంటే గ్రాముకి సుమారు 2 మైక్రోమోల్. పాత పుస్తకాల్లో 13,600 అని ఉంటుంది. ఏది వాడినా ప్రాజెక్టు మొత్తం ఒకటే వాడండి, ఏది వాడారో రాయండి.

ఊదా ఛాయ ఇనుముదండి. ఫెర్రిక్ ఇనుము సల్ఫోసాలిసిలిక్‌తో ఆమ్లంలో ఊదా రంగునిస్తుంది. పీహెచ్ పెరిగే కొద్దీ నారింజ, పైకి వెళితే పసుపు. ఆ పసుపు 420 దగ్గర శోషిస్తుంది, అంటే నేరుగా మీ 412 మీద పడుతుంది. నల్లమట్టిలో ఐరన్ సల్ఫైడ్ పుష్కలం, రొయ్య కడుపులో, పేగులో ఆ మట్టి ఉంటుంది. హెపటోపాంక్రియాస్ తీసేటప్పుడు కడుపు కోసుకుపోతే అది కలుస్తుంది. అందుకే రెండు పనులు: నూరే యాసిడ్‌లోనే ఈడీటీఏ వేయండి, ప్రతి శాంపిల్‌కీ డీటీఎన్‌బీ లేని జత ట్యూబు పెట్టి దాని రీడింగ్ తీసేయండి. శాంపిల్ లేని డీటీఎన్‌బీ బ్లాంక్ వేరే. రెండూ తీసేస్తేనే మిగిలింది థయోల్.

సెంట్రిఫ్యూజ్ అయ్యాక పైన నారింజ రంగు కొవ్వు పొర తేలుతుంది. పిపెట్ టిప్ దాని కిందకి దింపి తీసుకోవాలి. ఆ కొవ్వు ఒక్క చుక్క కలిసినా కువెట్టు మసకబారి రీడింగ్ పైకి పోతుంది.

ఉప్పుటేరు_ల్యాబ్

పైన చెప్పినవన్నీ చేసినా నల్ల అడుగు చెరువులో ఎక్కువే రావచ్చు. కారణం సల్ఫైడే.

డీటీఎన్‌బీకి గ్లూటథయోన్ అంటే ప్రత్యేక అభిమానం ఏమీ లేదు. సిస్టీన్, సల్ఫైట్, సల్ఫైడ్, అన్నింటితోనూ రంగిస్తుంది. సల్ఫైడ్ ఒక్కొక్కటి రెండేసి టీఎన్‌బీలని వదులుతుంది కాబట్టి 1 మైక్రోమోలార్ సల్ఫైడ్ మీకు 2 మైక్రోమోలార్ గ్లూటథయోన్‌లా కనబడుతుంది. మట్టి కలిసిన కణజాలాన్ని యాసిడ్‌లో నూరితే ఐరన్ సల్ఫైడ్ కరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికి వస్తుంది. సల్ఫైడ్ ఎక్కువ ఉన్న చెరువులో తప్పు కూడా ఎక్కువవుతుంది, అదీ మీరు చూడాలనుకున్న దిశకి సరిగ్గా ఎదురుగా. ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు ఇదే.

విడగొట్టడం కష్టమేం కాదు. ఆమ్లంలో సల్ఫైడ్ గ్యాసుగా ఎగిరిపోతుంది, గ్లూటథయోన్ ఉండిపోతుంది. పైతేటని రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో ఐసు మీద ఫ్యూమ్ హుడ్‌లో పది నిమిషాలు నైట్రోజన్ సన్నగా బుడగలు పోనివ్వండి. రెంటి మధ్య తేడా సల్ఫైడ్ వాటా. బుడగలు గట్టిగా పోనిస్తే ద్రవం ఆవిరై గాఢత పెరుగుతుంది, అందుకని ముందూ వెనకా ట్యూబుని తూచండి.

ఇంతకన్నా మంచి దారి టీట్జే 1969లో ఇచ్చిన రీసైక్లింగ్ పద్ధతి. గ్లూటథయోన్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ జీఎస్ఎస్‌జీనే గుర్తుపట్టి, ఎన్ఏడీపీహెచ్ ఇచ్చే ఎలక్ట్రాన్లతో దాన్ని మళ్లీ జీఎస్‌హెచ్ చేస్తుంది. సల్ఫైడ్ మొదట్లో ఒక్కసారి రంగు గెంతించి ఆగిపోతుంది, గ్లూటథయోన్ మాత్రం తిరుగుతూ నిమిష నిమిషానికీ పసుపు పెంచుతూ పోతుంది. మీరు వాలు మాత్రమే తీసుకుంటారు కాబట్టి ఆ గెంతు చాలావరకు లెక్కలోకి రాదు. పాళ్లు: సోడియం ఫాస్ఫేట్ 125 మిల్లీమోలార్, ఈడీటీఏ 6.3 మిల్లీమోలార్, పీహెచ్ 7.5 బఫర్. ఆ బఫర్‌లో ఎన్ఏడీపీహెచ్ 0.3 మిల్లీమోలార్ కలిపినది 700 మైక్రోలీటర్లు, డీటీఎన్‌బీ 6 మిల్లీమోలార్ 100, శాంపిలూ నీళ్లూ కలిపి 200. 30 డిగ్రీల దగ్గర ఉంచి, చివర్న రిడక్టేజ్ (మి.లీ.కి 50 యూనిట్లు) 10 మైక్రోలీటర్లు వేసి మొదలుపెట్టండి. శాంపిల్ 10 మైక్రోలీటర్లు అయితే స్టాండర్డ్ కూడా 10 మైక్రోలీటర్లే. మే నెలలో గది 38 డిగ్రీలు ఉంటే వాలు దానంతటదే పెరుగుతుంది. నీటి బాత్ గానీ ఉష్ణోగ్రత పట్టే కువెట్ హోల్డర్ గానీ తప్పనిసరి.

ఇందులో వచ్చేది మొత్తం, అంటే జీఎస్‌హెచ్ కి జీఎస్ఎస్‌జీ రెండు రెట్లు కలిపినది. జీఎస్‌హెచ్ కావాలంటే మొత్తంలోంచి జీఎస్ఎస్‌జీని రెండుసార్లు తీసేయాలి. చాలా థీసిస్‌లలో ఒకసారే తీసేసి ఉంటుంది.

గట్టుమీద_బయోకెం

మూడో వంతు జీఎస్ఎస్‌జీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి.

బతికున్న కణంలో అంత ఉండదండి. ఆరోగ్యంగా ఉన్న కణజాలంలో ఆక్సీకృత రూపం సాధారణంగా కొద్ది శాతమే. మీ దగ్గర కనబడుతున్నది దారిలోనూ, ఫ్రిజ్‌లోనూ, హోమోజినైజర్‌లోనూ పుట్టినది. ఐసులో పెట్టిన రొయ్య కాకినాడ చేరేలోపు చచ్చిపోతుంది. హెపటోపాంక్రియాస్ ప్రోటియేజుల గని, తనని తానే జీర్ణించుకోవడం మొదలెడుతుంది. రొయ్య రక్తంలో హీమోసయనిన్, అంటే రాగి. కరిగిన ఆ రాగి థయోళ్లని గాలి ఆక్సిజన్‌తో కలిపేస్తుంది. మైనస్ 20లో కరెంటు పోయి వచ్చి, సగం కరిగి మళ్లీ గడ్డకడితే ఇంకా ఘోరం.

యాసిడ్‌ని చెరువు దగ్గరికి తీసుకెళ్లండి, రొయ్యని ల్యాబుకి కాదు. ముందు రోజే 2 మి.లీ. ట్యూబుల్లో ఈడీటీఏ ఉన్న 5% సల్ఫోసాలిసిలిక్ 0.9 మి.లీ. చొప్పున పోసి నంబరు వేసి తూచి ఐసు డబ్బాలో పెట్టుకోండి. వల వేసిన రొయ్యని మంచునీళ్లలో ఒక నిమిషం ముంచి, తలపెంకు తీసి, హెపటోపాంక్రియాస్‌ని చల్లటి 2.6% ఉప్పునీళ్లలో (10 మిల్లీమోలార్ ఈడీటీఏతో) ఒక్క ముంచు ముంచి, ఫిల్టర్ పేపర్ మీద అద్ది, యాసిడ్‌లో వేసి ప్లాస్టిక్ రోకలితో అక్కడే నూరేయండి. ఇదంతా ఒక రొయ్యకి రెండు నిమిషాలు దాటకూడదు. ల్యాబుకొచ్చాక ట్యూబుని మళ్లీ తూచితే కణజాలం బరువు తెలుస్తుంది. గట్టు మీద తరాజు అక్కర్లేదు. పైతేట తీశాకే మైనస్ 80.

యాసిడ్‌లో కాకుండా కణజాలంగానే కావాలంటే లిక్విడ్ నైట్రోజన్. అది ఎక్కడ దొరుకుతుందా అని వెతకక్కర్లేదు. పశువులకి సూది కట్టే కేంద్రాలు వీర్యం స్ట్రాలని దాంట్లోనే దాస్తాయి. అడిగితే ఎక్కడ నింపుతారో చెబుతారు.

ఐసు విషయంలో ఒక మాట. రొయ్యల ఐసు ఫ్యాక్టరీ గడ్డ ట్యూబు బయట చల్లదనానికి బాగానే ఉంటుంది, కానీ దాని నీళ్లు మూత సందులోంచి ట్యూబులోకి పోతే బరువూ తప్పుతుంది, ఇనుమూ చేరుతుంది. ట్యూబుల్ని జిప్ కవర్లో పెట్టండి.

జీఎస్ఎస్‌జీని విడిగా కొలవడానికి, ముందు జీఎస్‌హెచ్‌ని మూసేసే గ్రిఫిత్ 1980 పద్ధతి: 100 మైక్రోలీటర్ల పైతేటకి 2 మైక్రోలీటర్లు 2-వినైల్‌పిరిడిన్, ఆ తర్వాత పీహెచ్ 6కీ 7కీ మధ్యకి వచ్చేలా ట్రైఇథనాలమైన్. చిక్కనిదే వేస్తే 6 మైక్రోలీటర్లు పడుతుంది, కానీ తేనెలా జిగటగా ఉండి పిపెట్టుకి రాదు. సగానికి సగం నీళ్లు కలిపి 12 మైక్రోలీటర్లు వేయండి, గోడకి రాస్తూ, వోర్టెక్స్ మీద ఉండగానే. పీహెచ్ 7 దాటనివ్వొద్దు, దాటితే జీఎస్‌హెచ్ మూసుకునేలోపే ఆక్సీకరిస్తుంది. 25 డిగ్రీల దగ్గర గంట. తర్వాత రీసైక్లింగ్. జీఎస్ఎస్‌జీ స్టాండర్డ్‌ని కూడా ఇదే దారిలో నడిపించాలి, మిగిలిన వినైల్‌పిరిడిన్ ఎంజైమ్‌ని కొద్దిగా నెమ్మదింపజేస్తుంది మరి. ఎన్ఈఎం (ఎన్-ఇథైల్‌మాలియిమైడ్) వాడితే అంతకన్నా త్వరగా మూస్తుంది గానీ రిడక్టేజ్‌నే ఆపేస్తుంది. దాన్ని పూర్తిగా తీసేయకుండా కొలిస్తే జీఎస్ఎస్‌జీ లేదని వస్తుంది.

అన్నీ అయ్యాక ఒక శాంపిల్‌లో నూరే దశలోనే తెలిసిన జీఎస్‌హెచ్ కలిపి తిరిగి ఎంత వచ్చిందో చూడండి. 90 నుంచి 110 శాతం మధ్య రాకపోతే మిగతా అంకెల జోలికి వెళ్లొద్దు.

కాకినాడ_ఎమ్మెస్సీ

చాలా ధన్యవాదాలండి, పీహెచ్ పేపర్ పెట్టాను, 3 చూపిస్తోంది. ఇంకో రెండు అడగొచ్చా. లిపిడ్ పెరాక్సిడేషన్‌కి (కొవ్వుల ఆక్సీకరణకి) టీబీఏ (థయోబార్బిట్యూరిక్ యాసిడ్) పద్ధతి కూడా కలపమని మా గైడ్ సార్ అన్నారు, అదే పైతేటతో చేయొచ్చా? గ్లూటథయోన్ నిజంగానే పెరిగితే, అంటే ఈ తప్పులన్నీ తీశాక కూడా, దాన్ని స్ట్రెస్ లేదని రాయాలా?

పసుపు_412

టీబీఏకి ఆ పైతేట పనికిరాదు, కొవ్వు పైన తేలిపోయింది కదా. విడిగా ఫాస్ఫేట్ బఫర్‌లో నూరి, బీహెచ్‌టీ (ఆక్సీకరణని ఆపే పదార్థం) కలిపి, టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్) 15%, టీబీఏ 0.375%, 0.25 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఉన్న రీఏజెంట్ రెట్టింపు పోసి, మరిగే నీళ్లలో 15 నిమిషాలు. చల్లార్చి సెంట్రిఫ్యూజ్ చేసి 532 దగ్గర. గుణకం 1,56,000. బీహెచ్‌టీ లేకపోతే ఆ మరగబెట్టడంలోనే కొత్తగా పెరాక్సైడ్లు పుడతాయి.

ఉప్పుటేరు_ల్యాబ్

టీబీఏ సంగతిలో నాకు అభ్యంతరముందండి. హెపటోపాంక్రియాస్ నిండా కొవ్వు, కెరొటినాయిడ్లు, చక్కెరలు. చక్కెరలు, సయాలిక్ యాసిడ్ కూడా టీబీఏతో రంగిస్తాయి. మేత తిన్న రొయ్యకీ తినని రొయ్యకీ తేడా వస్తే అది పెరాక్సిడేషన్ తేడా అనుకునే ప్రమాదం ఉంది. చేయక తప్పకపోతే టీబీఏ లేని బ్లాంక్ ప్రతి శాంపిల్‌కీ పెట్టి, 'ఎండీఏ' (మాలోన్‌డైఆల్డిహైడ్, కొవ్వు ఆక్సీకరిస్తే పుట్టేది) అని కాకుండా 'టీబీఏతో రంగిచ్చే పదార్థాలు' అని రాయండి. హెపటోపాంక్రియాస్ కన్నా కండ మీద చేస్తే కాస్త నయం.

ఇక రెండో ప్రశ్న. పెరిగితే స్ట్రెస్ లేనట్టు కాదు. సల్ఫైడ్‌ని కణం వదిలించుకునే దారే గ్లూటథయోన్ మీదుగా పోతుంది. మైటోకాండ్రియాలో సల్ఫైడ్ క్వినోన్ ఆక్సిడోరిడక్టేజ్ అనే ఎంజైమ్ సల్ఫైడ్‌ని తీసుకొచ్చి గ్లూటథయోన్ మీద పెడుతుంది, గ్లూటథయోన్ పెర్సల్ఫైడ్ అవుతుంది. దాన్ని ఈటీహెచ్ఈ1 అనే ఇంకో ఎంజైమ్ ఆక్సీకరిస్తుంది, చివరికి థయోసల్ఫేట్, సల్ఫేట్. మనుషుల్లో ఆ ఈటీహెచ్ఈ1 జన్యువు చెడితే సల్ఫైడ్ పోగై పిల్లల్లో ఇథైల్‌మలోనిక్ ఎన్‌సెఫలోపతీ అనే తీవ్రమైన జబ్బు వస్తుంది. సల్ఫైడ్ మితంగా, ఎడతెగకుండా వస్తుంటే కణం గ్లూటథయోన్ తయారీ పెంచుకోవచ్చు. మితి మీరితే కణం ఊపిరికి కీలకమైన సైటోక్రోమ్ సీ ఆక్సిడేజ్ మూతబడి, తయారీకి కావలసిన ఏటీపీయే ఉండదు, అప్పుడు పడిపోతుంది. ఒక్క అంకె చూసి ఏ దశో చెప్పలేం. జీఎస్‌హెచ్, జీఎస్ఎస్‌జీ రెండూ, వీలైతే గ్లూటథయోన్‌ని తయారుచేసే ఎంజైమ్ గ్లుటమేట్ సిస్టీన్ లైగేజ్ చురుకుదనం కూడా చూపించండి.

ఏటీపీ మాట వచ్చింది కాబట్టి, అదే పైతేటలో అకర్బన ఫాస్ఫేట్ కూడా చూడాలనుకుంటే మెటాఫాస్ఫారిక్ యాసిడ్ వాడకండి, అదే ఫాస్ఫేట్ కదా. ఫిస్క్‌తో కలిసి 1925లో ఆ ఫాస్ఫరస్ పద్ధతి ఇచ్చిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మీరు శాంపిల్ తీసే భీమవరంలోనే 1895లో పుట్టారు. వాళ్లిద్దరూ ఆ పద్ధతితోనే కండలో ఫాస్ఫోక్రియాటిన్ పట్టుకున్నారు. రొయ్య కండలో దాని పని చేసేది ఫాస్ఫోఆర్జినిన్.

గట్టుమీద_బయోకెం

రెండు చెరువుల్ని పక్కపక్కన పెట్టి 'సల్ఫైడ్ ప్రభావం' అని రాస్తే వైవాలో మొదటి ప్రశ్నకే పడిపోతారండి. నల్ల అడుగు ఉన్న చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ కూడా తక్కువే ఉంటుంది, అమ్మోనియా ఎక్కువ ఉంటుంది, రొయ్య మేత మానేసి ఉంటుంది. ఆకలికే హెపటోపాంక్రియాస్ గ్లూటథయోన్ మారుతుంది. పెంకు విడిచే దశకీ మారుతుంది. ఒకే గంటలో, మేతకి ముందు, పెంకు గట్టిగా ఉన్న రొయ్యల్నే తీయండి.

చెరువు నీటిలో సల్ఫైడ్ కొలవకుండా వాసన మీద ఆధారపడొద్దు. అడుగు నుంచి గొట్టంతో, గాలి బుడగ పడకుండా సీసా అంచు దాకా నింపి, 100 మి.లీ.కి 2 నార్మల్ జింక్ అసిటేట్ నాలుగు చుక్కలు వేసి, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 9 పైకి తీసుకెళితే జింక్ సల్ఫైడ్‌గా నిలుస్తుంది. ల్యాబులో మిథిలీన్ బ్లూ పద్ధతి. వచ్చేది మొత్తం సల్ఫైడ్. విషం చేసేది ప్రధానంగా అయనీకరించని వాటా. అది పీహెచ్ 7 దగ్గర సుమారు సగం, 8 దగ్గర పదో వంతు లోపే. తెల్లవారుజామున పీహెచ్ దిగినప్పుడు రొయ్యలు గట్టుకు రావడానికి ఇదీ ఒక కారణం. నీళ్లలో సముద్రపు ఉప్పు 10 పీపీటీ ఉన్నా లీటరుకి 700 మి.గ్రా. పైన సల్ఫేట్ ఉంటుంది కాబట్టి బ్యాక్టీరియాకి ముడిసరుకు కొరత ఎప్పుడూ రాదు, అడుగున ఆక్సిజన్ అయిపోవడమే ఆలస్యం.

ట్యాంకు ప్రయోగం పెడితేనే తేలుతుంది: మామూలు నీళ్లు, ఆక్సిజన్ తగ్గించినవి, ఆక్సిజన్ సరిపడా ఉండి సల్ఫైడ్ వేసినవి. లీటరుకి 1 మి.గ్రా. సల్ఫైడ్ గంధకం కావాలంటే సోడియం సల్ఫైడ్ నోనాహైడ్రేట్ 7.5 మి.గ్రా. కొత్త సీసా అయితేనే. తేమ పట్టి పసుపెక్కిన స్ఫటికాలు అప్పటికే ఆక్సీకరించి ఉంటాయి. అది పీహెచ్ పెంచుతుంది కాబట్టి సరిచేయాలి. గాలి కొడుతున్న నీటిలో సల్ఫైడ్ గంటల్లో పోతుంది కాబట్టి వేసినదాన్ని కాక కొలిచినదాన్నే రాయాలి. హుడ్ లేకుండా దీని మీద యాసిడ్ పోయొద్దు. సుమారు 100 పీపీఎం దగ్గర ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసన తగ్గిందని దగ్గరికి పోతే ప్రాణాంతకం. బురద గుంటలో దిగే కూలీలకి కూడా ఈ మాట చెప్పండి.

ఆకివీడు_రైతు

సైన్సు మాకంత తెలియదు గానీ ఒక్కటి చెప్పండి సార్. లివర్ బాగుండాలంటే మేతలో గ్లూటథయోన్ పౌడరు, విటమిన్ సి కలపమని మందుల వాళ్లు అంటున్నారు. అడుగు నల్లగా ఉన్న చెరువులో పనిచేస్తాయా?

గట్టుమీద_బయోకెం

ముందు అడుగు చూడండి గారూ, పౌడరు తర్వాత. గ్లూటథయోన్ మేతలో వేస్తే కొంత నీళ్లలోనే కరిగిపోతుంది, లోపలికి పోయినదాన్ని పేగు ఎంజైములు చాలావరకు మూడు ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలతో కణం తనే తయారుచేసుకుంటుంది, అదే పని మంచి మేతలోని మిథియోనిన్, సిస్టీన్ కూడా చేస్తాయి. రోజూ అడుగు నుంచి సల్ఫైడ్ వస్తుంటే మీరు కలిపేది దానికి ఖర్చవుతుంది.

చెక్ ట్రేలో మేత మిగులుతుంటే ఆ పూటకి తగ్గించండి. మధ్యలో పోగైన బురదని డ్రెయిన్ ఉంటే మెల్లగా, పగటిపూట తీయండి. నల్లమట్టిని గొలుసు లాగి ఒక్కసారిగా కలిపితే మట్టిలో ఉన్న సల్ఫైడ్ అంతా పైకి లేచి ఆ రాత్రికే నష్టం జరుగుతుంది. ఏరేటర్లు తెల్లవారుజామున ఆగకుండా చూసుకోండి, జనరేటర్‌లో డీజిల్ ఉంచుకోండి. పంట మధ్యలో సున్నం వేసేముందు పీహెచ్, అమ్మోనియా చూడండి. పీహెచ్ పెరిగితే సల్ఫైడ్ విషం తగ్గుతుంది గానీ అమ్మోనియా విషం పెరుగుతుంది. పట్టుబడి అయ్యాక చెరువు పగుళ్లు వచ్చేదాకా ఎండబెట్టి దున్నితే ఆ నలుపు ఆక్సీకరించి మట్టి మళ్లీ గోధుమ రంగుకి వస్తుంది. ఉప్పునేల అయితే దున్నాక మట్టి పీహెచ్ తప్పక చూడండి, సల్ఫైడ్ ఆక్సీకరిస్తే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది, సున్నం మోతాదు దాన్ని బట్టే వేయాలి.

కాకినాడ_ఎమ్మెస్సీ

అర్థమైందండి. ముందు స్టాండర్డ్, రికవరీ తేల్చి, తర్వాత ట్యూబులు నింపుకుని గట్టుకే వెళతాం. ట్యూబుల మీద నంబరు మార్కర్‌తో రాయొచ్చా?

గట్టుమీద_బయోకెం

మంచునీళ్లకి, యాసిడ్ చేతులకి మార్కర్ చెరిగిపోతుంది. మూత మీద గీరి, పక్కన పెన్సిల్ రాసిన చీటీ మీద టేపు వేయండి. తూచడం మాత్రం టేపు వేశాకే.